పిల్లలు ఆడుకునే వేళకు పార్కు గేటు తెరవండి

సంపాదకులకు,

అయ్యా,

శ్రీకాకుళం పట్టణంలోని పార్కుల గురించి, కళింగపట్నం తీరాన్ని సందర్శకులకు అనువుగా తీర్చిదిద్దడం గురించి మీ పత్రిక జిల్లా పేజీల్లో తరచు వార్తలు వస్తుంటాయి. వాటిని ఆసక్తిగా చదివే వారిలో నేనూ ఒకరిని. ముప్పై ఏళ్లకు పైగా ప్రాథమిక పాఠశాలలో పనిచేసి పదవీ విరమణ చేసిన నాకు ఇప్పుడు సాయంత్రాలన్నీ తొమ్మిదేళ్ల మనవడితో, నాలుగేళ్ల మనవరాలితో గడుస్తున్నాయి. వారిద్దరినీ వెంటబెట్టుకుని వారానికి మూడు నాలుగు సార్లు పార్కుకు వెళ్లివచ్చే మనిషిగా నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కొత్త పార్కులకు శంకుస్థాపన చేసే ముందు, ఉన్న పార్కులను కుటుంబాలు రాగలిగిన వేళల్లో తెరిచి ఉంచాలి, వచ్చినవాళ్లు ఒక గంట నిమ్మళంగా కూర్చోగలిగేలా వాటిని నిలబెట్టాలి.

గత నెలలో ఒక ఆదివారం మా కోడలు, ఆమె చంటిబిడ్డ, నేను, ఈ ఇద్దరు పిల్లలు కలిసి మా ఇంటికి దగ్గరలో ఉన్న పార్కుకు వెళ్లాం. నాలుగున్నరకు గేటు తీశారు. పడమటి ఎండకు ఎదురుగా నిలబెట్టిన జారుడుబల్ల రేకు అప్పటికే కాలిపోతోంది. చిన్నది మెట్లెక్కి పైన కూర్చుని కాళ్లు చాపిందో లేదో, "మామ్మా, కాలుతోంది" అంటూ రెండు చేతులూ పైకెత్తేసింది. కొంగు తడిపి రేకు తుడుద్దామని కుళాయి తిప్పితే నీటిచుక్క లేదు. తాగడానికి తెచ్చుకున్న సీసాలోని నీళ్లు సగం రేకు మీద పోసి చల్లార్చాను. అప్పుడు చూశాను, రేకు కింది అంచు తుప్పు పట్టి, చెక్క నుంచి విడిపోయి, వేలెడు ఎత్తున పైకి లేచి ఉంది. దాని మీద ఎవరో గోనెసంచి ముక్క నాలుగు మడతలు వేసి, పురికొసతో మూడు చుట్లు చుట్టి ముడివేశారు. పిల్లల తొడలు చీరుకుపోకుండా ఆ పని చేసిన తల్లి ఎవరో నాకు తెలియదు గాని, ఆ ముడి చూసినప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. చేయవలసిన వాళ్లు చేయకపోతే ఇంట్లో ఉన్న గోనెముక్కే తెచ్చి కట్టుకోవలసి వచ్చింది గదా అనిపించింది.

ఇక మరుగుదొడ్డి సంగతి. అది ఉంది, గోడకు నీలం రంగు కూడా కొత్తగా వేశారు, తలుపుకు మాత్రం తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుందన్నారు. వాచ్‌మన్ మరో పార్కును కూడా చూసుకోవాలి గనుక ఆ సమయానికి ఇక్కడ లేడు. చంటిబిడ్డకు పాలివ్వడానికి కాస్త చాటైన చోటు ఎక్కడా లేక కోడలు ముందుగానే ఇంటిదారి పట్టింది. ముప్పావుగంట గడవకుండానే మేమూ వెనక్కి వచ్చేశాం. ఎవరో ఒకరి మీద నేరం మోపడానికి ఇది రాయడం లేదు. అదే పార్కును తెల్లవారుజామున అయిదింటికే ఊడ్చి ఆకులన్నీ ఒక మూలకు చేర్చే పారిశుద్ధ్య కార్మికురాలిని నేను ఎన్నోసార్లు చూశాను, ఆమె పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. లోపమంతా పార్కును ఎవరి కోసం నడుపుతున్నామన్న ఆలోచనలోనే ఉంది.

వేళల విషయమే చూడండి. మనది తూర్పుతీరపు ఊరు. నవంబరు నెలాఖరులో అయిదుంబావు దాటగానే ఇక్కడ సూర్యుడు అస్తమిస్తాడు, జూన్‌లో కూడా ఆరున్నర ప్రాంతానికే సాయంత్రం ముగుస్తుంది. బడి వదిలి, పిల్లలు ఇల్లు చేరి, ఏదో ఒకటి తిని బయలుదేరేసరికి చలికాలంలో చీకటి పడుతుంది. ఉద్యోగం చేసే తల్లిదండ్రులు ఆరున్నరకు గాని ఇల్లు చేరలేరు. ఏడింటికి గేటు వేసే పార్కు, ఆడుకునే చోట ఒక్క దీపమైనా వెలగని పార్కు వాళ్ల పిల్లలకు ఏ మాత్రమూ అందదు. దీపాలు లేవని కాదు, ఉన్నవన్నీ వాకింగ్ ట్రాక్ వెంబడి, గేటు దగ్గరి విగ్రహం చుట్టూ ఉన్నాయి. నడిచేవాళ్లకు వెలుతురు కావలసిందే, నేనూ నడిచేదాన్నే. కాని ఉయ్యాల చీకట్లో ఉంటే తల్లి తన బిడ్డను దాని దరికి పోనివ్వదు. మూడు నాలుగేళ్ల పిల్లలకు రోజుకు కనీసం 180 నిమిషాలు, అయిదు నుంచి పదిహేడేళ్ల వారికి సగటున 60 నిమిషాలు శరీర శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అపార్ట్‌మెంట్లలో, ఇరుకు వీధుల్లో పెరుగుతున్న మన పిల్లలకు ఆ గంట ఎక్కడ దొరుకుతుంది? వీధిలో ఆడుకుందామంటే మోటారు సైకిళ్లు, పార్కుకు వెళదామంటే గేటుకు తాళం.

గేటు తెరిచి ఉన్నా ఆట సాగని చోట్లున్నాయి. "గడ్డిపై నడవరాదు, బంతి ఆటలు ఆడరాదు" అన్న బోర్డు ముందు మా మనవడు ప్లాస్టిక్ బంతిని చంకలో పెట్టుకుని నిలబడి, అక్షరాలు కూడబలుక్కుని చదివి, "మరిక్కడ ఏం చేయాలి మామ్మా?" అని అడిగాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పిన నాకు ఆ ప్రశ్నకు సమాధానం దొరకలేదు. అలంకారానికి పెంచే గడ్డి ఒక పక్క ఉండనివ్వండి, మరో పక్క పిల్లలు తొక్కి పాడుచేసుకునే నేల కొంతైనా వదలండి.

ఆట పరికరాల గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. సముద్రపు గాలిలోని ఉప్పుకు ఇనుము ఎంత త్వరగా తుప్పు పట్టిపోతుందో మన జిల్లాలో ఇంటి కిటికీ ఊచలు చూసినవాళ్లెవరికైనా తెలుసు. అటువంటి చోట మామూలు ఇనుప గొట్టాలకు రంగు పూసి నిలబెడితే అవి కొన్నేళ్లకే పాడవుతాయి. జింకు పూత పూసిన గొట్టాలు, ఫైబరు జారుడుబల్లలు మొదట్లో ఖరీదనిపించినా ఇక్కడి గాలికి అవే నిలుస్తాయి. జారుడుబల్ల జారే వైపును ఉత్తరానికి తిప్పినా, చెట్టు నీడ పడే చోట పెట్టినా రేకు అంతగా కాలదు, దానికి అదనంగా పైసా ఖర్చు కాదు. అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఉయ్యాలల కింద పరిచిన సిమెంటు పలకలు. పిల్ల జారిపడితే తగిలేది అవే. వాటి స్థానంలో అడుగు మందాన శుభ్రమైన నది ఇసుక పోస్తే చాలు, పడ్డా మోకాలు చెక్కుకోదు, పడని పిల్లలకు పిచ్చుకగూళ్లు కట్టుకునే ఆట కూడా దొరుకుతుంది. ఒక పక్క నాగావళి, మరో పక్క వంశధార పారుతున్న జిల్లాలో పిల్లల కోసం నాలుగు బండ్ల ఇసుక దొరకదంటే నమ్మడం కష్టం.

చెట్ల విషయానికి వస్తే, 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులు ఉత్తరాంధ్రలో ఎంత పచ్చదనాన్ని నేలకూల్చాయో మనకు గుర్తే. తిత్లీ తర్వాత మన జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో కొబ్బరితోటలు పడిపోయిన తీరు చూసినవాళ్లు మరచిపోలేరు. పార్కుల్లో మళ్లీ నాటేటప్పుడు, చూడడానికి అందంగా ఉండి మనిషికి నీడనివ్వని ఈత జాతి మొక్కలు, కత్తిరించి గుండ్రంగా పెంచే పొదలే ఎక్కువగా కనిపిస్తున్నాయి. తీరపు గాలికి అలవాటుపడిన పొన్న, గంగరావి, కానుగ మన ఊళ్లలో తరతరాలుగా ఉన్న చెట్లే. ఒక కానుగ చెట్టు చుట్టూ అరుగు కట్టిస్తే పదిమంది అమ్మమ్మలు, తాతయ్యలు కూర్చుని పిల్లలను కనిపెట్టుకుని ఉంటారు.

ఇవన్నీ ఎవరి దయాదాక్షిణ్యాల మీదో ఆధారపడిన కోరికలు కావు. 1993 జూన్‌లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన విషయాలంటూ 12వ షెడ్యూలులో పద్దెనిమిదింటిని చేర్చింది. పార్కులు, తోటలు, ఆటస్థలాలు అందులో ఒక అంశం. పట్టణాల్లో మౌలిక వసతుల కోసం 2015లో కేంద్రం ప్రారంభించిన అమృత్ పథకం కూడా పార్కులలో పిల్లలకు అనువైన ఏర్పాట్లు ప్రత్యేకంగా ఉండాలని చెప్పింది. మన రాష్ట్రంలో 2017 నాటి లే అవుట్ నిబంధనల ప్రకారం, ఇళ్ల స్థలాలుగా విభజించే భూమిలో కనీసం పది శాతం ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు అప్పగించాలి. పార్కు కోసం కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇవ్వడం చెల్లదని బెంగళూరుకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 1991లోనే తీర్పు చెప్పింది. కాబట్టి పట్టణం చుట్టూ పెరుగుతున్న కాలనీల్లో అలా వదిలిన స్థలాలు ఎక్కడెక్కడ ఉన్నాయో, వాటిలో ఎన్నింటికి ప్రహరీ ఉందో వార్డు సచివాలయాల గోడల మీద పట్టిక అంటించమని కోరడం అత్యాశ కాదనుకుంటాను. ముళ్లకంపలు పెరిగిన ఒక ఖాళీ స్థలాన్ని చదును చేసి, ఇసుక పోసి, రెండు ఉయ్యాలలు వేలాడదీస్తే ఆ వీధి పిల్లలు రోడ్డు దాటవలసిన పనే ఉండదు.

ఇప్పుడు పిల్లలు ఆడుకోవాలంటే మనలో చాలామందికి విశాఖపట్నమే గతి. వందకు పైగా కిలోమీటర్లు ప్రయాణించి, కైలాసగిరి మీద చిన్నరైలు ఎక్కించి, జంతు ప్రదర్శనశాల చూపించి రాత్రికి తిరిగి రావాలంటే ఒక మధ్యతరగతి కుటుంబానికి అయ్యే ఖర్చు తక్కువేమీ కాదు. అది ఏడాదికి ఒకసారి చేసే ప్రయాణం. పిల్లల ఆట రోజూ జరగవలసింది.

కళింగపట్నం గురించి చెప్పకపోతే ఈ లేఖ పూర్తికాదు. వంశధార సముద్రంలో కలిసే ఆ చోటుకు, లైట్‌హౌస్ నీడకు, సరుగుడు తోటలకు కార్తీక మాసంలో పిక్నిక్‌ల కోసం ఎన్ని కుటుంబాలు చేరుతాయో అందరికీ తెలుసు. మా చిన్నతనంలో క్యారేజీలు కట్టుకుని వెళ్లి, దుప్పటి పరుచుకుని, పులిహోర తిని, చీకటి పడకముందే బయలుదేరి వచ్చేవాళ్లం. ఇప్పుడు వెళ్లేవాళ్లు ఎన్నో రెట్లు పెరిగారు. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి గదులు, మంచినీళ్లు, చెత్తబుట్టలు, సరుగుళ్ల నీడలో బల్లలు ఆ జనానికి సరిపడినన్ని ఉండాలి. వీటన్నిటికీ మించి నీళ్లలో ఎంతవరకు దిగవచ్చో తెలిపే జెండాలు, సెలవు రోజుల్లో ఒడ్డున ఈత వచ్చిన కాపలాదారులు ఉండాలి. ప్రతి వేసవిలో సముద్ర స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లల వార్తలు మీ పత్రికలోనే చదువుతున్నాం. ఒడ్డున ముంతమసాలా అమ్ముకునే వాళ్లకు, పడవలవాళ్లకు ఆ నీటి పోకడ బాగా తెలుసు, ఆ కాపలా పనికి వాళ్ల పిల్లలకే శిక్షణ ఇచ్చి జీతం ఇస్తే రెండు విధాలా మేలు జరుగుతుంది.

వేసవి సెలవులకు ఇంకా కొన్ని వారాలు ఉన్నాయి. ఈలోగా సంబంధిత అధికారులు పట్టణంలోని ప్రతి పార్కును సాయంత్రం నాలుగు నుంచి రాత్రి ఎనిమిదిన్నర వరకు తెరిచి ఉంచాలని, ఆ వేళలను గేటు మీద పెద్ద అక్షరాలతో రాయించాలని, ఆట పరికరాల దగ్గర కనీసం రెండు దీపాలు వెలిగేలా చూడాలని, మరుగుదొడ్డి తాళంచెవి పార్కులోనే ఉండే మనిషి చేతికి ఇవ్వాలని కోరుతున్నాను. మేము వెళ్లే పార్కులో జారుడుబల్ల అంచుకు కట్టిన ఆ గోనెముక్క విప్పి కొత్త రేకు వేయించాలని కూడా ప్రత్యేకంగా వేడుకుంటున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయురాలు,
శ్రీకాకుళం.