మిరియం క్షేమం

మెల్‌బోర్న్,
ఆదివారం.

అమ్మా,

ఫోనెత్తగానే నా క్షేమం కన్నా ముందు "పిల్లి బతికే ఉందా?" అని అడుగుతున్నావు. ఉంది. పైగా మిరియం పెత్తనం కూడా చేస్తోంది. ఫోన్లో చెబుతుంటే మధ్యలో పాలు పొంగాయంటూ వెళ్ళిపోతావు, అందుకే రాస్తున్నా.

మా ఇంటికి కొత్తగా వచ్చినవాడు గ్రేహౌండ్, పందేల కుక్క. పందేలు మానిపించాక, పెంచుకునేవాళ్ళు దొరికేదాకా మాలాంటివాళ్ళ ఇళ్ళలో కొన్ని వారాలు ఉంచుతారు. గంటకి 60 కిలోమీటర్ల పైన పరిగెత్తే జీవి. ముందు పారిపోయే బొమ్మని తరమడమే వాడు నేర్చిన చదువు. మరి మిరియం పరిగెడితే? నా భయమల్లా అదే.

అందుకని మొదటి మూడు రోజులూ ఒకరికొకరిని చూపించనే లేదు. మిరియం పడగ్గదిలో, వాడు హాల్లో. వాడి ఒళ్ళు తుడిచిన తువ్వాలు దాని గిన్నె పక్కన పెడితే తువ్వాలు మీదే బుస్సుమంది. దాని దుప్పటి వాడికిస్తే మూడుసార్లు వాసన చూసి, దానిమీదే పడుకున్నాడు.

తర్వాత మధ్యలో చంటిపిల్లలకి పెట్టే అడ్డగేటు పెట్టి, వాడికి బెల్టు కట్టి, మూతికి చిక్కం వేశాను. నూర్పిళ్ళప్పుడు తాతయ్య ఎడ్లకి కట్టేవాడే, అలాంటిదే, ప్లాస్టిక్‌ది. నీళ్ళు తాగొచ్చు, నోరు తెరిచి రొప్పొచ్చు. ఇక్కడ 2019 జనవరి నుంచి పెంపుడు గ్రేహౌండ్లకి వీధిలో కూడా చిక్కం అక్కర్లేదు, బెల్టు ఉంటే చాలు. ఇంట్లో వేయడం నా జాగ్రత్త.

కుక్క మొరిగితే అంత కంగారు పడక్కర్లేదమ్మా. కొయ్యబారిపోయి, చెవులు నిక్కించి, రెప్ప వేయకుండా చూస్తే అప్పుడు భయపడాలి. మొదటిరోజు వీడు అలాగే చూశాడు, పిలిచినా వినపడలేదు. మర్నాడు పిలవగానే తల తిప్పాడు, చికెన్ ముక్క పెట్టాను. అలా రోజుకి అయిదు నిమిషాలు.

ఆరోరోజు ఆఫీసుకి ఆలస్యమై, తొందరలో చిక్కం వేయకుండానే గేటు తీశాను. మిరియం ఒక్క ఉరుకులో ఫ్రిజ్ మీద. వాడు దాని వెనకాల. బెల్టు చేతిలో ఉంది కాబట్టి సరిపోయింది, మోచెయ్యి మాత్రం దోక్కుపోయింది. తప్పు నాదే. మళ్ళీ మూసిన తలుపు దగ్గర్నుంచి మొదలుపెట్టాను.

ఇప్పుడు మూడోవారం. నిన్న మిరియం నింపాదిగా నడుచుకుంటూ వచ్చి వాడి పరుపు మధ్యలో కూర్చుంది. వాడు లేచి నిలబడి, ఏం చేయమంటావన్నట్టు నావైపు చూశాడు. అయినా ఇద్దరినీ వదిలి బయటికి వెళ్ళను, వెళ్తే ఎవరి గది వాళ్ళదే. పెరట్లోకి కలిపి అసలు వదలను. ఇంట్లో బుద్ధిగా ఉన్న కుక్కకే బయట పరిగెత్తే పిల్లి కనబడితే బుద్ధి మారుతుంది.

నువ్వొచ్చేసరికి వాడు ఇక్కడే ఉంటే, నిద్రపోతున్నప్పుడు ముట్టుకోకు. కళ్ళు తెరిచే నిద్రపోతాడు, ఉలిక్కిపడతాడు. దూరం నుంచి పేరు పెట్టి పిలువు. పేరు టెడ్. నాన్న మాత్రం వీడియో కాల్లో "తాడూ" అంటున్నారు. దానికీ చెవి ఎత్తుతున్నాడు.

నీ
బుజ్జి