మా చికెన్ సాసేజ్ గురించి ఉన్నమాట

మా దగ్గర సాసేజ్‌లు కొనేవారందరికీ నమస్కారం.

పంది మాంసం మానేసినవారు, మొదటినుంచీ ముట్టనివారు, డాక్టరు చెప్పారని తగ్గించుకున్నవారు ఈమధ్య మా చికెన్ సాసేజ్ గురించి తరచుగా అడుగుతున్నారు. ఇందులో పందికి సంబంధించినది ఏమైనా ఉందా? కొవ్వు ఇంకా తగ్గించి చేయలేరా? ఇంట్లో చేసుకుంటే పొడిపొడిగా రాలిపోతోంది, కారణమేమిటి? ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అందరికీ కలిపి రాస్తున్నాను. కొన్ని జవాబులు మా అమ్మకాలకు మేలు చేసేవి కావు. అయినా తెలిసి కొనడమే మంచిది.

ముందుగా తొడుగు సంగతి. చికెన్ సాసేజ్ అన్నప్పుడు అందరూ లోపలి మాంసం గురించే ఆలోచిస్తారు. దాన్ని నింపే పేగు ఎవరిదో అడిగేవారు తక్కువ. సహజమైన తొడుగుల్లో పంది పేగు వాడకం చాలా ఎక్కువ. 32 నుంచి 35 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, బాగా సాగుతుంది, నింపేటప్పుడు ఓ పట్టాన చిరగదు. కాబట్టి లోపల కోడి, పైన పంది ఉన్న సాసేజ్ మార్కెట్లో అరుదేమీ కాదు. మేము చికెన్ సాసేజ్‌కు గొర్రె పేగు మాత్రమే వాడుతున్నాం. ఇది 22 నుంచి 24 మిల్లీమీటర్లు. మీ చేతికి వచ్చేది సన్నగా ఉండటానికి కారణం అదే. తూకం తగ్గించలేదు. ఇంట్లో కొల్లాజెన్ తొడుగు వాడేవారు ప్యాకెట్ మీద ఉన్నది ఒకసారి చదవండి. అది ఎక్కువగా ఆవు జాతి పశువుల చర్మంతో తయారవుతుంది, కొన్ని రకాలు పంది చర్మంతోనూ వస్తాయి. ఏది మీకు పనికిరాదో మీకే తెలుసు.

తొడుగు మారింది కానీ గ్రైండర్ మారలేదు. మాది చిన్న వ్యాపారం. పోర్క్ సాసేజ్, చికెన్ సాసేజ్ రెండూ ఒకే యంత్రంలో తయారవుతాయి. చికెన్ పని ముందు పెట్టుకుంటాం, మధ్యలో భాగాలన్నీ విప్పి వేడినీళ్లతో కడుగుతాం. రుచి కోసమో, ఆరోగ్యం కోసమో పోర్క్ మానేసినవారికి ఇది చాలు. మతరీత్యా మానేసినవారికి ఇది చాలుతుందని నేను చెప్పలేను, చెప్పను కూడా. ప్యాకెట్ మీద పంది లేనిది అన్న మాట వేయకపోవడానికి కారణం ఇదే. మీరు ఆ కోవలోకి వస్తే మా దగ్గర కొనడం కన్నా ఇంట్లో చేసుకోవడమే మేలు. ఎలాగో కింద రాస్తున్నాను.

కొవ్వు దగ్గర మాత్రం నేను పట్టు వదలను. బ్రెస్ట్ మాంసంతో మాత్రమే చేసివ్వమని అడుగుతున్నవారు నన్ను మన్నించాలి, ఆ రకం మేము చేయం. తోలు తీసిన బ్రెస్ట్‌లో కొవ్వు 2, 3 శాతానికి మించదు. మామూలు పోర్క్ సాసేజ్‌లో 25 నుంచి 30 శాతం ఉంటుంది. కాలుతున్నప్పుడు కండలోని నీరు ఎటూ బయటికి పోతుంది. నోటికి ఆ లోటు తెలియనివ్వకుండా చేసేది కొవ్వే. అది లేని సాసేజ్ చూపుకు బాగుంటుంది, కొరికితే నమలడం ఒక పని అవుతుంది. తోలుతో ఉన్న తొడ మాంసంలో కొవ్వు 15 శాతం చుట్టూ ఉంటుంది. పోర్క్‌తో పోలిస్తే అది దాదాపు సగం. అంతకన్నా కిందికి దిగితే దాన్ని సాసేజ్ అని అమ్మడానికి నాకు మనసొప్పదు.

ఆరోగ్యం మాట కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ప్రాసెస్డ్ మాంసాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. నిల్వ కోసం ఉప్పు, నైట్రైట్ అనే రసాయన లవణం పట్టించినవి, పొగబెట్టినవి ఆ కోవలోకి వస్తాయి. వాటిలో కోడి మాంసమూ ఉండవచ్చని ఆ సంస్థే చెప్పింది. మా పచ్చి చికెన్ సాసేజ్‌లో నైట్రైట్ లేదు, పొగబెట్టం. అంతమాత్రాన దాన్ని పథ్యం తిండి అనుకోవద్దు. అప్పుడప్పుడు ఇష్టంగా తినేదే.

ఇక ఇంట్లో చేసుకునేవారి సంగతి. కిలో తొడ మాంసం తోలుతో సహా తీసుకోండి. ఎముకలు, గట్టి నరాలు తీసేయండి. ఉప్పు 15 నుంచి 18 గ్రాములు, తప్పకుండా తూచి వేయండి. చెంచా లెక్క ఇక్కడ నమ్మదగినది కాదు, సన్నటి ఉప్పుకూ రాళ్ల ఉప్పుకూ చెంచాలో పట్టే బరువు వేరు. మిరియాలు, వెల్లుల్లి, సోంపు మీ ఇష్టం.

రాలిపోవడానికి అసలు కారణం దాదాపు ఎప్పుడూ వేడే. కోడి కొవ్వు పంది వీపు కొవ్వులా గట్టిగా ఉండదు, ఫ్రిజ్‌లో పెట్టినా మెత్తగానే ఉంటుంది. గది వేడికి గ్రైండర్‌లో నలిగితే ముక్కలుగా తెగకుండా జిడ్డుగా కరిగి కండకు పూతలా పట్టేస్తుంది. ఆ తర్వాత ఎంత కలిపినా కండ కండను పట్టుకోదు, కాల్చినప్పుడు కొవ్వంతా పెనంలోకి కారిపోతుంది. అందుకని మాంసం ముక్కలను పళ్లెంలో పరిచి, అంచులు గట్టిపడేదాకా ఫ్రీజర్‌లో పెట్టండి. తోలు విడిగా, పూర్తిగా గడ్డకట్టాలి. మెత్తటి తోలు బ్లేడుకు చుట్టుకుని యంత్రాన్ని ఆపేస్తుంది. గ్రైండర్ బ్లేడు, జల్లెడ కూడా ఫ్రీజర్‌లో చల్లబరచండి.

రుబ్బాక ఉప్పు, మసాలా వేసి, అరకప్పు లోపు ఐసు నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. చాలామంది తొందరపడి ఆపేసేది ఇక్కడే. ఉప్పు కండలోని మయోసిన్ అనే ప్రొటీన్‌ను బయటికి లాగుతుంది, ఆ జిగురే సాసేజ్‌ను కట్టి ఉంచుతుంది. మొదట్లో ముద్ద తడిగా, వదులుగా ఉంటుంది. కలుపుతూ పోతే రంగు కాస్త పాలిపోతుంది, గిన్నె అంచులకు సన్నటి దారాల్లా సాగుతూ అంటుకుంటుంది. నిమ్మకాయంత తీసి అరచేతికి నొక్కి చెయ్యి బోర్లించండి. పడిపోకుండా వేలాడితే అయినట్టు. పడితే ఇంకా కలపండి. మధ్యలో వేళ్లకు చల్లదనం తగ్గినట్టనిపిస్తే గిన్నెను ఫ్రీజర్‌లోకి పంపి, కాసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టండి.

రుచి చూడాలంటే చిన్న బిళ్ల చేసి పెనం మీద కాల్చి చూడండి. పచ్చి మిశ్రమాన్ని నాలుక మీద పెట్టుకోవద్దు. కోడి మాంసంలో సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఎక్కువ, రుబ్బితే అవి పైనుంచి లోపలంతా కలిసిపోతాయి. అందుకే సాసేజ్ మధ్యభాగం 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి. రంగును బట్టి నిర్ణయించకండి. తొడ మాంసం పూర్తిగా ఉడికాక కూడా గులాబీ రంగులో ఉండవచ్చు. థర్మామీటర్‌ను చివరినుంచి పొడవునా దించి చూడాలి. 74 దాటాక ఇంకా పొయ్యి మీద ఉంచితే మనం కాపాడుకొచ్చిన రసమంతా పోతుంది. పెనం మీద సన్నని మంటే మంచిది. భగ్గున మండితే తొడుగు పగులుతుంది.

తొడుగు దొరకకపోయినా, ఏ పేగూ వద్దనుకున్నా నష్టం లేదు, బిళ్లలుగా ఒత్తుకోండి. రుచి అదే. పచ్చివి ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులకు మించి ఉంచవద్దు. ఆపైన కావాలంటే ఫ్రీజర్, అదీ రెండు నెలల లోపు వాడేయండి. ఇంట్లో పొగబెట్టే ఆలోచన ఉన్నవారు దయచేసి నైట్రైట్ కొలతలు తెలియకుండా ఆ పని చేయకండి. తక్కువ వేడిలో, గాలి అందని చోట గంటల తరబడి ఉండే మాంసంలో బొటులిజం విషం పుట్టే ప్రమాదం ఉంది.

మా మసాలా పొడి మాత్రం మాంసం పనికి దూరంగా, వేరే మిక్సీలో చేస్తాం. ఉప్పు కలపని పొడి చిన్న ప్యాకెట్లలో విడిగా అమ్మడం మొదలుపెట్టాం. కావలసినవారు ఆర్డరులో ఎన్ని కిలోల మాంసానికో రాస్తే అంతకు తూచి పంపిస్తాం. టర్కీతో, బాతుతో చేస్తారా అని అడిగినవారికి: టర్కీ తొడ మాంసం సరిపడా దొరికినప్పుడు చేస్తాం, ముందుగా చెప్పి ఉంచండి. బాతు ప్రస్తుతానికి చేయడం లేదు.