పిక్కకు టేపు చుట్టిన అమ్మాయికి

నాన్నకు తుంటి ఎముక ఆపరేషన్ అయిన నాలుగో రోజు. ఇడ్లీ ప్లేటు వచ్చింది వచ్చినట్టే వెనక్కి పోతోంది. "డెబ్బై ఎనిమిదేళ్లు, ఇంకేం ఆకలుంటుంది" అని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం. కట్టుడు పళ్లు ఇంట్లోనే మర్చిపోయి వచ్చామన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

మీరు ఆసుపత్రి డైటీషియన్, పక్క బెడ్ పేషెంటు కోసం వచ్చారు. వెళ్తూ వెళ్తూ ఆ ప్లేటు చూసి ఆగారు. ఆర్నెల్లలో ఎంత బరువు తగ్గారని అడిగారు. 62 నుంచి 55. "పదో వంతు పైనే పోయిందన్నా" అంటూ పిక్కకు టేపు చుట్టారు. 29 సెంటీమీటర్లు. 31 కన్నా తక్కువుంటే కండ తగ్గిపోతోందేమో చూడాలట. మేం బీపీ, షుగర్ తప్ప ఏదీ కొలిపించినవాళ్లం కాదు.

కిడ్నీ రిపోర్టు తిరగేసి, డాక్టరు గారితో మాట్లాడాకే నోరు విప్పారు: కిలో బరువుకు రోజుకు కనీసం 1.2 గ్రాముల ప్రొటీన్, అంటే 66 గ్రాములు. మెత్తటి పెసరపప్పు అన్నంలో నెయ్యి, చిదిమిన గుడ్డు, గడ్డపెరుగు. రెండు గంటలకోసారి, నాలుగైదు ముద్దలే. కట్టుడు పళ్ల కోసం తమ్ముణ్ణి ఇంటికి బస్సెక్కించిందీ మీరే.

పేరు అడగలేదు తల్లీ, ఆ కంగారులో. డిశ్చార్జి రోజు వెతికితే మీ డ్యూటీ లేదన్నారు. చాలా చాలా థాంక్స్. నాన్న ఇప్పుడు వాకర్‌తో గేటు దాకా వెళ్తున్నారు. పప్పులో ఉప్పు చాల్లేదని నిన్న అమ్మతో గొడవ కూడా పెట్టుకున్నారు.