డర్బన్ తెలుగువాళ్ల ఊళ్లు వెతికిపెట్టే దిక్కేది?

సంపాదకుల వారికి నమస్కారం.

ప్రవాస తెలుగువాళ్లంటే మన పేపర్లలో డల్లాస్, దుబాయ్, మెల్‌బోర్న్ తప్ప ఇంకో ఊరు కనబడదు. ఈ జూన్‌లో మా బాప్టిస్టు సంఘం మిషన్ టీమ్‌తో దక్షిణాఫ్రికాలోని డర్బన్ వెళ్లొచ్చాను. అక్కడి తెలుగువాళ్లు తమ పూర్వీకుల ఊళ్లు వెతుక్కోవడానికి పడుతున్న అవస్థ మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం.

నేను రిటైర్డ్ నర్సుని. టీమ్‌లో నా పని బీపీ, షుగరు చూడటం. మిగతావాళ్లది పిల్లలకు వీబీఎస్ (సెలవుల్లో పెట్టే బైబిల్ బడి) నడపడం, ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేయడం. మాకంటే ముందు ఈ దారిన నడిచినవాళ్లున్నారు. చెరుకు తోటల్లోకి కూలికి వెళ్లిన తెలుగు క్రైస్తవులు మాకో పాస్టరును పంపండని అడిగితే, 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు ఓడెక్కి నాటాల్ (డర్బన్ ఉన్న ప్రాంతం) వెళ్లారు. ఆ ఏడాది డిసెంబరులోనే కేర్స్‌నీ టీ తోటల దగ్గర తెలుగు సంఘం మొదలైంది. మమ్మల్ని ఆ వైపు కూడా తీసుకెళ్లారు. ఇప్పుడు ఎటు చూసినా చెరుకే.

చిన్నతనం నుంచి మిషన్ అంటే ప్రసంగాలు, బాప్తిస్మాలు అనుకునేదాన్ని. తీరా వెళ్తే రోజులో సగం వంటకి, బట్టలకి, కారు కోసం ఎదురుచూడటానికే సరిపోయింది. జూన్ అక్కడ చలికాలం, సాయంత్రం అయిదు దాటితే చీకటే. బట్టలు ఆరేద్దామని ఎండ ఎటు ఉందో చూస్తే సూర్యుడు మధ్యాహ్నం ఉత్తరం వైపున ఉన్నాడు! చెరుకు కోసే ముందు తోట తగలబెడతారు. ఆ మసి సన్నటి నల్ల దారాల్లా ఎగిరొచ్చి తీగ మీది దుప్పట్ల మీద వాలుతుంది. చేత్తో దులిపామా, చార పడినట్టే. అంచు పట్టుకుని విదిలించాలని ఇంటావిడ చూపించారు. కిటికీ తీసి ఉంటే కోతులొచ్చి బ్రెడ్డు ప్యాకెట్ ఎత్తుకుపోతాయి, ఇదొక్కటే అచ్చం మన తిరుమల. ప్రతి ఇంటికీ ఇనుప గేటు, దాని వెనక ఇంకో గేటు. చీకటి పడ్డాక వీధి చివర కొట్టుకి కూడా నడిచి వెళ్లనివ్వలేదు. ఇంక ప్లగ్గులంటారా, మన గీజరు ప్లగ్గంత లావు పిన్నులు. టీమ్ మొత్తానికి ఒక్క అడాప్టర్, దాని చుట్టూ అందరి సెల్‌ఫోన్లు. ఆ టెన్షన్ చెప్పక్కర్లేదు.

తిండి సంగతి చెప్పాలి. బన్నీ చౌ అని, బ్రెడ్డు దిమ్మను మధ్యలో తొలిచి వేడి వేడి మటన్ కూర నింపి ఇస్తారు. అక్కడి పాస్టరు గారు ఫోన్లో "అందరికీ తలా ఒక క్వార్టర్" అని ఆర్డరిస్తుంటే మా పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పావు దిమ్మ అట. కూర మాత్రం కరివేపాకు వేసి, ఆలుగడ్డ ముక్కలతో ఘాటుగా బ్రహ్మాండంగా ఉంది. కరివేపాకు చెట్టు లేని పెరడు నాకు కనబడలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. ఇథియోపియా, కెన్యాల మీదుగా టికెట్ తీస్తే ఎల్లో ఫీవర్ టీకా కార్డు గురించి ముందే కనుక్కోండి. టీకా వేయించుకున్నాక పది రోజులకి గానీ ఆ కార్డు చెల్లదు. అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మా టికెట్లు తీసిన ఏజెంటు ఈ ముక్క చెప్పలేదు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఈ టీకా వేస్తారని సంఘంలో ఒకరు చెప్పబట్టి గట్టెక్కాం.

అసలు విషయానికొస్తాను. ఆదివారం ఆరాధన అంతా ఇంగ్లిషే. ఒక్క కీర్తన మాత్రం తెలుగులో, ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్న కాగితం చూసి పాడారు. మా కావలి చర్చిలో పాడే దానికంటే నిదానంగా, పాత రాగంలో. ఆరాధన అయ్యాక బీపీ టేబుల్ దగ్గర లైను కట్టారు. చెయ్యి చాపుతూనే రెండో చేత్తో ప్లాస్టిక్ కవరులోంచి ఒక జిరాక్సు తీసి నా ముందు పెట్టేవాళ్లు. చర్చికి రాని నాయుళ్లు, రెడ్లు కూడా ఆ కాగితాల కోసమే వచ్చారు. మేం వెళ్లింది ఒకందుకు, వాళ్లకు కావలసింది ఇంకొకటి.

ఆ కాగితం ఓడ జాబితాలో వాళ్ల పూర్వీకుల పేరున్న ఒక వరస. అందులోని ఊరు ఎక్కడుందో చెప్పమని వాళ్ల కోరిక. 1860 నుంచి 1911 దాకా ఒప్పందం మీద నాటాల్ వెళ్లిన 1,52,184 మందిలో ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు రాసుకున్నారు. మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లే. మన తహసీల్దారు ఆఫీసుల్లో కూడా ఇంత వివరంగా దొరకదు.

తనను అవ్వా అని పిలవమన్న ఒక పెద్దావిడ కాగితంలో జిల్లా గంజాం, తాలూకా చికాకోల్ అని ఉంది. గంజాం ఒడిశాలో ఉంది కాబట్టి వాళ్లు ఒడియావాళ్లమేమో అనుకున్నారు. మనవడు భువనేశ్వర్‌కి మెయిళ్లు పెట్టి పెట్టి విసిగిపోయాడు. చికాకోల్ అంటే మన శ్రీకాకుళం, అది అప్పట్లో గంజాం జిల్లాలో ఉండేది, 1936లో ఒడిశా విడిపోయినప్పుడు ఆ దక్షిణపు ముక్క మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది, 1950లో విడిగా జిల్లా అయింది అని చెప్పాను. ఆవిడ బీపీ పట్టీ చేతికి ఉండగానే లేచి నిలబడి మనవణ్ణి కేకేశారు. ఆ రీడింగ్ లెక్కలోకి తీసుకోలేదు లెండి. ఇంతా చేసి ఊరి పేరు తేలలేదు. చివర "పేట" అని తెలుస్తోంది, ముందున్న అక్షరాలు నాలుగు రకాలుగా చదవొచ్చు. రాసింది ఇంగ్లిషులో ఒక గుమాస్తా, చెప్పింది ఓడెక్కబోతున్న మనిషి. అంతకంటే ఏం వస్తుంది?

ఓసీఐ కార్డుకి (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) పూర్వీకులు ఇక్కడివాళ్లేనని కాగితాలు చూపించాలి గనక ఇది ఉత్త సరదా వ్యవహారం కాదు. డర్బన్‌లో ఆంధ్ర మహాసభ 1931 నుంచి తెలుగును నిలబెడుతోంది. వాళ్లు అక్కడ చేయగలిగింది చేస్తున్నారు. ఊళ్లు ఉన్నది మాత్రం ఇక్కడ.

ప్రవాసాంధ్రుల కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ వారికి నా విన్నపం ఒకటే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం కలెక్టరాఫీసుల్లో ఒక్కో రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగిని ఈ పనికి పెట్టండి. పాత తాలూకాల హద్దులు, ఊళ్ల పాత పేర్లు తెలిసిన వీఆర్వోలు, సర్వేయర్లు ఇంకా బతికే ఉన్నారు. "ఫలానా పేట" అనగానే నాలుగు పేటలు చెప్పి, వాటిలో ఏది ఎప్పుడు పుట్టిందో చెప్పగలరు. ఆ పని కంప్యూటర్ వల్ల కాదు, భువనేశ్వర్ వల్ల అసలే కాదు.

వాళ్ల అనుమతితో తెచ్చిన జిరాక్సులు మా సంఘం బీరువాలో ఉన్నాయి. ఏ ఆఫీసులో ఇవ్వమంటే అక్కడ ఇస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సు,
కావలి, నెల్లూరు జిల్లా.