పాలు పోయని రోజు లెక్క

విజయవాడ,
ఏప్రిల్ 9

ఒరేయ్ మాస్టారూ,

సంక్రాంతికి నువ్వు రాసిన ఉత్తరానికి ఇప్పుడు జవాబు. కోపం తెచ్చుకోకు, మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ సగంలో వదిలేశాను. అందరం క్షేమం. పాపకు పరీక్షలు. అమ్మ మోకాలి నొప్పి కాస్త నయం. ఇక అసలు సంగతి. ఇది నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

నాన్న సంగతి నీకు తెలుసుగా, సహకార సంఘంలో 30 ఏళ్లు పద్దులు రాసిన చెయ్యి. కంటి ఆపరేషను వల్ల ఏడాదిగా బ్యాంకుకు వెళ్లలేదు. మొన్న సోమవారం వెళ్లి, ఏడాది ఎంట్రీలన్నీ ఒకేసారి పాస్‌బుక్‌లో వేయించుకుని వచ్చారు. భోజనం కూడా చేయకుండా పెన్సిల్ పట్టుకుని కూర్చున్నారు. సాయంత్రం నేను చెప్పులు విప్పుతుండగానే పిలిచి, ఒక పంక్తి మీద వేలు పెట్టి, "ప్రతి 21వ తేదీన ఈ 299 ఎవరికి పోతోంది?" అని అడిగారు.

మే నుంచి మార్చి దాకా పదకొండుసార్లు. మొత్తం 3,289 రూపాయలు.

నాకు ఒక్క నిమిషం ఏమీ తట్టలేదు. తర్వాత గుర్తొచ్చింది. పోయిన వేసవి సెలవుల్లో పాప ఏదో బొమ్మల సినిమా చూస్తానంటే, ఒక ఓటీటీ వాళ్లు వారం రోజులకు ఒక్క రూపాయే అన్నారు. నాన్న ఫోనే చేతిలో ఉంది, ఆ రూపాయి కట్టి పిన్ కొట్టాను. సినిమా అయిపోయాక యాప్ తీసేశాను. దాంతో సరి అనుకున్నాను. కాదురా! యాప్ పోయినా ఆటోపే అనుమతి, అంటే నెలనెలా ఖాతాలోంచి దానంతటదే డబ్బు తీసుకోమని మనమిచ్చిన అనుమతి, అలాగే ఉంటుంది. ఆ రోజు కొట్టిన పిన్ రూపాయికి కాదు, ఆ తర్వాతి నెలలన్నింటికీ. 15,000 లోపు మొత్తాలకు నెలనెలా మళ్లీ పిన్ అడగక్కర్లేదు. డబ్బు పోయే ముందు 24 గంటలకు సందేశం రావాలన్న నిబంధన ఉంది, వచ్చింది కూడా. నాన్న ఫోనులో వెతికి చూశాను. అప్పు ఇస్తామనే సందేశాల మధ్య, ఇంగ్లీషులో, ఎప్పుడూ వినని సంస్థ పేరుతో. ఆయన దాన్ని మోసగాళ్ల సందేశం అనుకుని ముట్టుకోలేదు. మనమే కదా ఆయనకు చెప్పింది, తెలియనివి తెరవొద్దని!

డబ్బు వెనక్కి ఇవ్వమని వాళ్లకు రాశాను. వాడకపోయినా వాపసు ఉండదని జవాబు. అది చదివి వినిపిస్తే నాన్న వంటింటి గోడకున్న క్యాలెండర్ చూపించారు. పాలు రాని రోజు అమ్మ అందులో సున్నా చుడుతుంది, నీకు గుర్తుందా? "పోయని పాలకు పాలవాడు డబ్బు అడగడు. మనం చూడలేదని వీళ్లకు తెలియదా?" అన్నారు.

తెలుసురా. పాప ఏ నిమిషంలో సినిమా ఆపిందో కూడా వాళ్లకు తెలుసు. పదకొండు నెలలు ఎవరూ తలుపు తీయలేదని తెలిసీ తీసుకున్నారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

ఆ రాత్రి ఇద్దరం యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి కూర్చున్నాం. నేను చదవడం, ఆయన పద్దు పుస్తకంలో రాయడం, అచ్చం మన మెస్సు లెక్కల రాత్రిలా! (ఆ నాలుగో గుడ్డు ఎవరు తిన్నారో ఇప్పటికైనా ఒప్పుకో.) సినిమాలకు మూడు. వాటిలో ఒకటి నా మొబైల్ రీఛార్జితోనే వస్తోంది, అంటే రెండుసార్లు కడుతున్నాం. పాటలకు రెండు, నాదొకటి, మా ఆవిడదొకటి. ఒక్క కుటుంబ ప్లాను తీసుకుంటే ఇంట్లో అందరికీ సరిపోయేది. పాత ధరలు కూడా అడిగి రాసుకున్నారు. అమెజాన్ ప్రైమ్ 2016లో ఏడాదికి 499, 2021 డిసెంబరుకల్లా 1,499. అదే నెలలో నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాను మాత్రం 199 నుంచి 149కి దిగింది. "తగ్గించడం కూడా తెలుసన్నమాట" అని దాని కింద గీత గీశారు.

సినిమాలవే కాదు, పాటలవి కూడా రద్దు చేయమన్నారు. చేశాను. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ ఘంటసాల పద్యం పెట్టుకున్నారు. చివరి రాగం సాగుతోంది, నాన్న కళ్లు మూసుకున్నారు, చెయ్యి గాలిలోకి లేచింది. అది ముగిసీ ముగియకముందే గిన్నెల సబ్బు ప్రకటన! ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ ముఖం చూడలేకపోయానురా. గ్లాసు కింద పెట్టి, "దీనికి మాత్రం కట్టు. కానీ ఏడాదికి ఒక్కసారి, నా ఎదుట" అన్నారు. ఆయన పక్కనే కూర్చుని కట్టాను. గడువు తేదీ క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో రాసుకున్నారు.

నువ్వు కూడా ఈ రాత్రే నీ ఫోనులో ఆటోపే చూడు, రేపటికి పెట్టుకోకు. మీ అత్తగారి ఫోను కూడా. పెద్దవాళ్ల ఫోన్లలో మనం కొట్టిన పిన్‌లు ఎన్ని ఉన్నాయో.

అమ్మ పాటల సంగతి వేరే ఉంది. ఆవిడ ఓపిగ్గా డౌన్‌లోడ్ చేసి దాచుకున్నవన్నీ, ఆ పాటల యాప్ మూతపడేసరికి... అది తలచుకుంటే మనసు బాగుండదు, తీరిగ్గా రాస్తాను. నువ్వు మే నెలలో వస్తున్నట్టేనా? టికెట్లు

పాప బడి ఆటో వచ్చేసింది, హాల్ టికెట్ కనబడటం లేదట. ఉంటాను.

నీ
ఏడో నంబరు గది