కూల్చే ముందు లెక్క చూపండి: నగర ప్రణాళికాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన బెంగళూరు నగర ప్రణాళికాధికారి గారికి,

నమస్కారం. మా వీధి విస్తరణపై మేమిచ్చిన అర్జీలకు జవాబు రానందున, పదిమందీ చూసేలా ఈ లేఖ రాస్తున్నాను.

సంప్రదింపుల సభలో మీరు న్యూయార్క్ ప్రణాళికాకర్త రాబర్ట్ మోజెస్‌ను ఆదర్శంగా చూపారు. ఆయన ఘనతను నేను తక్కువ చేయను. ఏ ఎన్నికలోనూ గెలవకుండానే దశాబ్దాలపాటు ఆ నగరాన్ని శాసించిన ఆయన, జోన్స్ బీచ్ వంటి ఉద్యానాలనూ ఎన్నో వంతెనలనూ కట్టించారు. 1936 వేసవిలోనే 11 ఈతకొలనులు తెరిపించారు. అయితే 1950లలో క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే కోసం ఆ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో ఈస్ట్ ట్రెమాంట్ అనే పేటలో ఒక మైలు మేర సుమారు 1,500 కుటుంబాలను ఖాళీ చేయించినప్పుడు, చాలా తక్కువ ఇళ్లు పోయే దారి పక్కనే ఉందని అక్కడివారు చూపినా ఆయన గీత మార్చలేదు. ఆ రహదారి పొగ, రొద బ్రాంక్స్‌ను ఈనాటికీ వేధిస్తున్నాయి.

మా గోడలపై ఎర్రరంగు గుర్తులు పడ్డాయి, నోటీసులు మాత్రం యజమానులకే అందాయి. అనంతపురం, చిత్తూరుల నుంచి వచ్చి అద్దెకుంటున్న కుటుంబాలు మీ జాబితాలో లేవు. గుమ్మంలోనే కుట్టుమిషను వేసుకుని రవికలు కుట్టే మా పొరుగింటావిడ గిరాకీ అంతా ఈ వీధిదే. ఊరి చివర గది ఇచ్చినా అక్కడ ఆమె ఎవరికి కుట్టాలి?

కాబట్టి అద్దెదారులను కూడా లెక్కించాలనీ, పరిశీలించి వదిలేసిన ఇతర మార్గాల పటాలను కన్నడంతోపాటు తెలుగు, తమిళాల్లో వార్డు కార్యాలయంలో ఉంచాలనీ, బహిరంగ విచారణ ముగిసేదాకా ఒక్క గోడనూ కూల్చరాదనీ కోరుతున్నాం. దీనికి మీరు లిఖితపూర్వకంగా సమాధానమివ్వాలి.

ఇట్లు,
మీ జాబితాలో లేని ఒక అద్దెదారు