హబ్సిగూడలో ఉన్న ఆ ‘హబ్షీ’ ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

మా ఇంటి పైవాటాలో ఇథియోపియా నుంచి వచ్చిన ఒక పీహెచ్‌డీ విద్యార్థి అద్దెకుంటున్నాడు. వచ్చిన కొత్తలో ఒకరోజు మెట్రో దిగి నేరుగా నా దగ్గరికొచ్చి, “అంకుల్, స్టేషన్ బోర్డు మీద మావాళ్ల పేరుందేమిటి?” అని అడిగాడు. వాళ్ల దేశంలో చాలామంది తమను తాము ‘హబెషా’ అని చెప్పుకుంటారు. అరబ్బులు ఆ నేలను ‘హబష్’ అన్నారు. అక్కడి నుంచి వచ్చినవాళ్లు మన దగ్గర ‘హబ్షీ’లయ్యారు. వాళ్లున్న చోటు హబ్సిగూడ అయిందంటారు. అంతవరకు చెప్పగలిగాను. “మరి వాళ్లెప్పుడొచ్చారు? ఎవరు తెచ్చారు? ఇప్పుడెక్కడున్నారు?” అన్నాడు. ముప్ఫై ఏళ్లు డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పినవాణ్ని, నీళ్లు నమిలాను.

తప్పు నా ఒక్కడిదే కాదని వాదించుకోవడానికి, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల చరిత్రకు మన సిలబస్‌లో ఒక పేపరు అడగడానికే ఈ ఉత్తరం. ఎంఏలో మాకు మలిక్ అంబర్ ఉండేవాడు. ‘మలిక్ అంబర్ భూమిశిస్తు విధానమును వివరింపుము’ అనే ప్రశ్న రూపంలో ఉండేవాడు. ఆయన 1548 ప్రాంతంలో ఇథియోపియాలో పుట్టాడని, చిన్నతనంలోనే బానిసగా అమ్ముడై బాగ్దాద్ మీదుగా దక్కను చేరాడని, ఇక్కడ ఆయన్ని కొన్న అహ్మద్‌నగర్ పేష్వా (అంటే ప్రధానమంత్రి) చంగేజ్ ఖాన్ కూడా హబ్షీయేనని మాకెవరూ చెప్పలేదు. అలా వచ్చిన మనిషి ఒక రాజ్యాన్నే తన చేతుల మీద నడిపాడు. 1610లో ఖడ్కీ పట్టణం కట్టించాడు, తర్వాత ఔరంగాబాద్ అయింది అదే. 1626లో చనిపోయేదాకా మొగలులను కుదురుగా ఉండనివ్వలేదు. జహంగీరుకు ఆయన మీద ఎంత కసంటే, అంబర్ తలకు గురిపెట్టి తాను బాణం వేస్తున్నట్టు బొమ్మ గీయించుకున్నాడు. యుద్ధంలో తీరనిది బొమ్మలో తీర్చుకున్నాడన్నమాట. ఈ కథ చెబితే మధ్యాహ్నం రెండు గంటల క్లాసులో కూడా ఎవడూ నిద్రపోడు. మేం మాత్రం శిస్తు లెక్క రాసి మార్కులు తెచ్చుకున్నాం.

ఆఫ్రికన్ డయాస్పొరా అంటే, ఆఫ్రికా నుంచి బలవంతంగానో బతుకుతెరువు కోసమో బయటికొచ్చి లోకమంతా స్థిరపడ్డవాళ్లు. ఆ మాట వినగానే మనకు అమెరికా గుర్తుకొస్తుంది. సహజమే. అట్లాంటిక్ మీదుగా ఓడలెక్కించినవాళ్లే సుమారు 1.25 కోట్ల మంది, అందులో దాదాపు 18 లక్షల మంది దారిలోనే పోయారు. కానీ హిందూ మహాసముద్రం మీదుగా ఇటొచ్చినవాళ్లూ ఉన్నారు. గుజరాత్‌లో గిర్ అడవి పక్కన జంబూరు, కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా, మన హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్. మాసాబ్‌ట్యాంక్ దగ్గరున్న ఆ ‘ఏసీ’ అంటే ఎయిర్ కండిషనర్ అనుకునే కుర్రాళ్లను నేను చూశాను. అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం దగ్గరున్న ఆఫ్రికన్ ఆశ్విక దళం. ఇక్కడికొచ్చినవాళ్లు సేనాపతులయ్యారు, మంత్రులయ్యారు కాబట్టి ఇక్కడి బానిసత్వం మెత్తనిదని కొందరు రాస్తుంటారు. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. ఒక మలిక్ అంబర్ వెనక పేరు కూడా మిగలని వాళ్లెందరో ఉన్నారు.

పోయిన నెల మా పైవాటా అబ్బాయిని ఏసీ గార్డ్స్ తీసుకెళ్లాను. ఒక పెద్దాయన చాయ్ తెప్పించి, అతని ముఖంలోకి చాలాసేపు చూసి, “ఏ ఊరు బేటా మీది?” అని ఉర్దూలో అడిగాడు. తన పూర్వీకులది ఆఫ్రికాలో ఏ ఊరో ఆయనకు తెలియదు. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత దళం పోయి, ఇంట్లో జీతం ఆగిపోయి, వాళ్ల నాన్న దొరికిన పనల్లా చేసిన సంగతి మాత్రం నిన్నటి మాటలా చెప్పాడు. ఆయనకు ఎనభై దాటాయి. ఆ మాటల్ని రికార్డు చేసుకోవాలని నాకు ఇంటికొచ్చాక తట్టింది. చరిత్ర మాస్టారి తెలివి అలా ఉంది.

ఈ దళం మొదట వనపర్తి సంస్థానానిదని, అక్కడి రాజా నిజాంకు ఇచ్చాడని ఒక కథనం ఉంది. ఎంతవరకు నిజమో కాగితాలు తిరగేసి తేల్చడం ఎంఏ విద్యార్థికి చక్కటి ప్రాజెక్టు. అసఫ్‌జాహీల దస్తావేజులున్న రాష్ట్ర ఆర్కైవ్స్ ఎక్కడో కాదు, తార్నాకలోనే ఉంది. పక్కనే ఉస్మానియా, దాన్ని ఆనుకుని హబ్సిగూడ. చిక్కల్లా ఆ కాగితాలు ఫారసీలో, ఉర్దూలో ఉండటమే. చదవగలిగిన చరిత్ర విద్యార్థులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా ఉండరని నా భయం.

ఇక మర్ఫా సంగతి. పాతబస్తీలో మర్ఫా మోగకుండా బరాత్ కదలదు. యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు, సిద్దీలు (హబ్షీలకే మరో పేరు) కలిసి మనకిచ్చిన వాయిద్యం అది. డప్పు వినగానే కాళ్లాడించే మనం అది ఎవరి చేతిదో అడగం.

మన దేశంలో ఆఫ్రికా గురించి, డయాస్పొరా గురించి చదువు అసలే లేదనడం లేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆఫ్రికన్ స్టడీస్ విభాగం 1955లోనే పెట్టారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో భారతీయ డయాస్పొరా అధ్యయన కేంద్రం 1996 నుంచి ఉంది. మారిషస్‌కు, దక్షిణాఫ్రికాకు వెళ్లిన తెలుగు కూలీల గురించి చదవడం ఎంతో అవసరం. అయితే మన గడప దాటి వెళ్లినవాళ్లనే కాదు, మన గడపలోకి వచ్చినవాళ్లనూ చదవాలి కదా.

అమెరికాలో కూడా ఈ చదువును ఎవరూ పిలిచి ఇవ్వలేదు. 1968 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో నల్లజాతి విద్యార్థులు సమ్మెకు దిగితే, అది మరుసటి మార్చి దాకా సాగాక బ్లాక్ స్టడీస్ విభాగం వచ్చింది. ఆ దేశానికి వీసా కోసం మన పిల్లలు పడే టెన్షన్ అందరికీ తెలిసిందే. ఒకప్పుడు, 1946 చట్టం ప్రకారం, భారతీయులకు అక్కడ కోటా ఏడాదికి 100 మందే. ఆ గేటు తెరిచిన 1965 ఇమిగ్రేషన్ చట్టం, నల్లజాతివాళ్లు దెబ్బలు తిని, జైళ్లకెళ్లి సాధించుకున్న పౌర హక్కుల చట్టానికి మరుసటేడే, ఆ ఉద్యమపు వేడిలోనే వచ్చింది. డల్లాస్‌లో ఇల్లు కొన్న మన వాళ్లబ్బాయికి ఈ సంగతి తెలిస్తే, ఇక్కడికొచ్చినప్పుడు మా పైవాటా అబ్బాయిని చూసి “వీళ్లకెందుకు ఇచ్చారు బాబాయ్ ఇల్లు?” అని గుసగుసలాడి ఉండేవాడు కాదేమో.

‘ఇది చదివితే ఉద్యోగమొస్తుందా?’ అంటారు. చాళుక్యుల గుళ్ల గురించి చదివినా రాదు. దాన్ని తీసెయ్యమని ఎవరూ అడగడం లేదే!

ప్రభుత్వ బీసీ-ఇ జాబితాలో ‘సిద్ది, యాబా, హబ్షీ, జసి’ అని ఒక వరుస ఉంది. రిజర్వేషన్ జాబితాలో పేరున్నవాళ్లకు సిలబస్‌లో ఒక్క పేపరుంటే తప్పేమిటి? కొత్త డిపార్ట్‌మెంట్లు, భవనాలు అడగడం లేదు. డిగ్రీ చివరి ఏడాదిలోనో, ఎంఏలోనో ఒక ఎలక్టివ్ చాలు. అట్లాంటిక్ కథ సగం, దక్కను కథ సగం. పరీక్షకు మార్కులు తగ్గించి, ప్రతి విద్యార్థీ ఒక పెద్దమనిషి జ్ఞాపకాలను వాళ్ల అనుమతితో రికార్డు చేసి రాసివ్వాలనే నిబంధన పెట్టాలి. మర్ఫా వాయించేవాళ్లను వార్షికోత్సవానికి కాదు, క్లాసుకు పిలవాలి. గెస్ట్ లెక్చరర్‌కిచ్చే రేటే వాళ్లకూ ఇవ్వాలి. దస్తావేజులు చదవాలనుకునే పిల్లలకు ఉర్దూ, ఫారసీ శాఖలు సాయంత్రం ఓ గంట కేటాయిస్తే చాలు.

సిలబస్ మార్పులకు బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లు ఎక్కువగా వేసవిలోనే కూర్చుంటాయి కాబట్టి ముందుగా రాస్తున్నాను. నా వంతుగా ఒక చిన్న రికార్డర్ కొన్నాను. వచ్చే ఆదివారం మళ్లీ ఏసీ గార్డ్స్ వెళ్తున్నాం.

— ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
హబ్సిగూడ, హైదరాబాద్